వెర్రిబీలో నేను చూసిన ఒక్క ఆట

ఆదివారం సాయంత్రం అడిలైడ్‌లో మా ఇంట్లో దీపం పెట్టి లేస్తుంటే మా తమ్ముడు శీను ఫోన్ చేశాడు. మెల్‌బోర్న్‌లో దిగాడట. అక్కడి తెలుగువాళ్ళు పెట్టుకున్న కబడ్డీ పోటీలకి పిలిస్తే ఇండియా నుంచి వచ్చాడు.

"అక్కా, వచ్చే శనివారం నా ఆఖరి ఆట. నువ్వు రావాలి."

"వస్తాను. నువ్వు దిగిన ఇంట్లో ఓ మూల కూర్చుని దణ్ణం పెట్టుకుంటాను."

"ఇంట్లో కాదు. వచ్చి చూడాలి."

పద్దెనిమిదేళ్ళలో వాడు ఆ మాట అడగలేదు. నేను చూడనని వాడికి తెలుసు, ఎందుకు చూడనో కూడా తెలుసు. బాపట్లలో వాడి మొదటి పెద్ద పోటీకి వెళ్ళాను. నేను లేచి చప్పట్లు కొడుతుండగానే వాడు నలుగురి కింద పడ్డాడు, కాలర్ బోన్ విరిగింది. నా చూపు వాడికి మంచిది కాదని ఆ రోజే అనుకున్నాను. అప్పట్నుంచి వాడు మ్యాట్ ఎక్కే వేళకి నేను జపమాల పట్టుకుని దేవుడి ముందు కూర్చుంటాను. టీవీలో వస్తే ఇంటిల్లిపాదీ చూస్తారు, నేను మాత్రం తలుపు వేసుకుంటాను. "మీ తమ్ముడి జట్టుకి ఓ డిఫెండర్ మన పూజగదిలో ఎక్స్‌ట్రా" అని మావారు నవ్వుతుంటారు.

వాడి ఆటంతా నాకు ఫోన్‌లోనే తెలుసు. అమ్మ మంచాన పడడంతో నేను బడికి వెళ్ళలేదు. నాన్నగారు ఇంట్లోనే చదువు చెప్పారు, శీనుని చంకనేసుకుని పెంచింది నేను. కాబట్టి వాడు "హలో" అన్న తీరులోనే గెలుపో ఓటమో చెప్పేయగలను. పది సీజన్లు పెద్ద లీగ్‌లో ఆడాడు. నాలుగు జట్లు మారాడు, కానీ నిలబడే చోటు మారలేదు, ఎడమ కార్నర్. కూతపెట్టి వచ్చే రైడర్ కాలు కాస్త దగ్గరికి రాగానే వంగి చీలమండ పట్టేసుకోవడం వాడి పని. ఈ ఏడు లీగ్‌లో ఆటగాళ్ళ వేలం అయ్యాక చేసిన ఫోన్ మాత్రం నేను పోల్చుకోలేకపోయాను. గొంతు మామూలుగానే ఉంది. "పేరు పిలిచారక్కా. ఎవరూ చెయ్యెత్తలేదు" అన్నాడు.

అందుకే బయల్దేరాను. చూస్తానని మాత్రం మాటివ్వలేదు.

అడిలైడ్ నుంచి మెల్‌బోర్న్‌కి పగటి రైలు వారానికి రెండు రోజులే. వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట, ఇది సిటీ స్టేషన్‌కి రాదు. పార్క్‌ల్యాండ్స్ టెర్మినల్ అని కాస్త ఎడంగా ఉంటుంది, అక్కడికి వెళ్ళాలి. గురువారం ఉదయం మాసన్ లేక్స్‌లో ఆరున్నరకి కారెక్కితే ఏడుకల్లా మావారు దింపేశారు. పెద్ద సంచులు ముందే తీసుకుంటారు. పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా మాత్రం నా ఒళ్ళోనే ఉంచుకున్నాను. ఏడూ నలభై ఐదుకి రైలు కదిలింది. కిటికీ పక్క సీటు ఇచ్చినందుకు దేవుడికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

మొదటి రెండు గంటలు కొండలు, మలుపులు. రైలు నెమ్మదిగా వెళ్తుంది, తొందరపడేవాళ్ళకి పనికిరాదు. ముర్రే బ్రిడ్జ్ దగ్గర నది దాటాక రెండువైపులా గోధుమ పొలాలు, మధ్యమధ్య గొర్రెలు. ఇక్కడ జూన్ అంటే చలికాలం, ఆ చలికి కిటికీ అద్దం మంచుముక్కలా ఉంది. పదకొండింటికి డబ్బా తెరిస్తే ఎదురు సీటులో ఉన్న పెద్దావిడ వాసన బాగుందంది. మూతలో కొంచెం పెట్టిచ్చాను. ఆవిడ పేరు మార్గరెట్, నిల్ అనే చిన్న ఊళ్ళో దిగాలి. ఎక్కడికి వెళ్తున్నానని అడిగితే నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. తమ్ముడి ఆట, నేను చూడకపోవడం, అన్నీ వచ్చేశాయి. రైల్లో ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ఎందుకో అన్నీ చెప్పేస్తాం.

ఆవిడ నవ్వలేదు. "మా ఆయన ఫుట్టీ, అదే మా ఆస్ట్రేలియా ఫుట్‌బాల్, ఆడేవాడు. ప్రతి ఆటకీ వెళ్ళాను. ఆయన మోకాలు పోయినప్పుడు కూడా చూస్తూనే ఉన్నాను" అంది.

"చూడకుండా ఉంటే బాగుండేదేమో అనిపించలేదా?"

"నేను చూడకపోయినా ఆ మోకాలు ఆ మోకాలే కదా, డియర్."

బోర్డర్‌టౌన్ దాటాక గడియారం అరగంట ముందుకి తిప్పుకోవాలి. ఆవిడే గుర్తుచేసింది. ఆవిడ దిగిపోయాక ఆ మాట నన్ను వదల్లేదు. జపం మొదలుపెట్టాను గానీ లెక్క తప్పుతూనే ఉంది.

సాయంత్రం ఆరూ యాభైకి మెల్‌బోర్న్ సదరన్ క్రాస్ స్టేషన్. శీను దిగిన వెర్రిబీ శివారు మీదుగానే వచ్చినా ఆ రైలు అక్కడ ఆగదు, మళ్ళీ లోకల్ ట్రైన్‌లో వెనక్కి వెళ్ళాలి. దానికి టికెట్టుగా వాడే మైకీ కార్డు స్టేషన్లోనే కొనుక్కోవచ్చు. ముప్పావుగంట ప్రయాణం. వెర్రిబీ స్టేషన్ బయట శీను నిలబడి ఉన్నాడు. గడ్డంలో నెరుపు చూసి గుండె కలుక్కుమంది. నా సంచి ఎడమ చేత్తో అందుకున్నాడు. వాడిది కుడిచేతి వాటం. అది అప్పుడే కనిపెట్టాల్సింది.

వాడితో పాటు ఇంతియాజ్ ఉన్నాడు. హైదరాబాద్ అబ్బాయి, ముప్పై దాటాయి, ఇక్కడ ఐటీ ఉద్యోగం. వెర్రిబీ జట్టు కెప్టెన్ అతనే, శీనుకి ఇంట్లో చోటిచ్చింది కూడా అతనే. "అక్కా, ఇంట్ల మీకోసం కొత్త కుక్కర్, కొత్త గిన్నెలు తెచ్చినం. మా ఆమె నస్రీన్ వాటిల్ల ఇంక ఏం వండలే" అన్నాడు కారులో. ఇంటికి వెళ్ళి చూస్తే గిన్నెల మీద స్టిక్కర్లు కూడా తియ్యలేదు. పైగా వాళ్ళ నమాజు గది పక్కనే నాకు దీపం పెట్టుకోవడానికి చిన్న బల్ల వేసి, దాని మీద శుభ్రమైన గుడ్డ పరిచి ఉంచింది నస్రీన్. ఈ ఋణం ఎలా తీర్చుకోవాలో తెలియలేదు. చేతులు పట్టుకున్నాను, అంతే.

శుక్రవారం ఉదయం అందరూ ఆఫీసులకి వెళ్ళాక, శీను స్నానం చేసి చొక్కా వేసుకోవడం గుమ్మంలోంచి చూశాను. ముందు కుడిచేతిని, అది వేరేవాళ్ళ చెయ్యైనట్టు, ఎడమచేత్తో ఎత్తి చొక్కాలో దూర్చాడు. తర్వాతే రెండోది.

"ఏమైందిరా?"

"పాతదే." నా మొహం చూసి దాచలేకపోయాడు. "భుజం రెండుసార్లు జారింది. మూడోసారి జారితే ఆపరేషన్ చేసినా చెయ్యి భుజం దాటి లేవదన్నాడు డాక్టరు."

"అయితే ఆడకు."

మంచం మీద కూర్చున్నాడు. "పది సీజన్లు ఆడానక్కా. ఒక్కసారి కూడా నేను మానలేదు. ఒకళ్ళు తీసేశారు, ఒకళ్ళు మార్చేశారు, ఈ ఏడు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఒక్కసారి, నా అంతట నేను ఆడి, నా అంతట నేను దిగొస్తాను."

"ఇంతియాజ్‌కి చెప్పావా?"

"చెబితే కూర్చోబెడతాడు. నువ్వూ చెప్పకు." నా చెయ్యి తీసి తన తలమీద పెట్టుకున్నాడు. "ఒట్టెయ్యి."

ఒట్టు వేశాను. వెయ్యకూడదని తెలిసీ వేశాను. ఆ రోజంతా వంటింట్లో ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాను. నస్రీన్ వచ్చేసరికి గారెలు, పప్పు, రెండు కూరలు, పాయసం ఉన్నాయి. "అక్కా, ఎవరైనా పెళ్ళికి వస్తున్నారా?" అంది.

శనివారం ఎనిమిదిన్నరకే స్పోర్ట్స్ హాల్‌కి చేరాం. నీలం మ్యాట్‌లు పరిచి ఉన్నాయి. సిడ్నీ కెల్లీవిల్ నుంచి కూడా జట్టు వచ్చింది, రాత్రంతా కారు నడిపి. బయట మిర్చిబజ్జీల బండి, లోపల పిల్లలు ఇంగ్లీషులో అరుచుకుంటూ పరుగులు. గోడమీద పెద్ద పోస్టర్‌లో మావాడి ఫొటో, పదేళ్ళ కిందటిది. ఆట మొదలవకముందు రిఫరీ అందరి గోళ్ళూ చూశాడు. మావాడివి పెరిగి ఉన్నాయని నెయిల్ కట్టర్ ఇచ్చాడు. శీను అక్కడి నుంచే నా వైపు చూశాడు.

"అక్కా, శనివారం."

"పర్వాలేదులే. కానియ్యి."

ఎంత ఎదిగినా వాడు నన్ను అడిగినందుకు లోపల చల్లగా అనిపించింది. ఈల వెయ్యగానే మాత్రం లేచి కారిడార్‌లోకి వచ్చేశాను. హాలుకి వీపు పెట్టి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని జపమాల తీశాను. వెనక కూత వినిపిస్తుంది, ఆగిపోతుంది, మనుషులు మ్యాట్ మీద పడిన చప్పుడు. ప్రతి చప్పుడికీ నా భుజం బిగుసుకునేది. రెండు ఆటలు అలాగే గడిచాయి. రెండూ గెలిచారు. సెమీఫైనల్ కూడా అతి కష్టం మీద గెలిచారు. మూడున్నరకి ఫైనల్, కెల్లీవిల్‌తో.

మూడింటికి ఇంతియాజ్ చెమటలు కక్కుతూ కారిడార్‌లోకి వచ్చాడు. నీళ్ళ సీసా తెరిచి తాగకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఒకటి అడుగుతా, ఏమనుకోకండి. అన్నకి నా మీద కోపముందా?"

"ఎందుకయ్యా?"

"పొద్దటి సంది నాకు చెయ్యిస్తలేడు."

ఇది తెలియనివాళ్ళకి చెప్పాలి. కబడ్డీలో డిఫెండర్లు ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని నిలబడతారు. ఇద్దరూ గొలుసులా కలిసి రైడర్ మీదికి దూకుతారు. ఎడమ చివర నిలబడే మావాడి కుడిచెయ్యి, పక్కన నిలబడే ఇంతియాజ్ చేతిలో ఉండాలి.

"చేతులు కలపకుంటే ఫైనల్ల మా గోడ నిలబడది. నేను చిన్నోణ్ణే, గానీ అంత పనికిరానోణ్ణా? ఇగ ఫైనల్ల గట్టిగా పట్టుకునుడే. వదిలే ముచ్చటే లేదు."

నా చేతిలో జపమాల ఆగిపోయింది. ఇతను చెప్పినట్టే చేస్తాడు. ప్రేమతోనే చేస్తాడు. దూకే ఊపులో ఆ కుడిచెయ్యి పట్టుకుని లాగుతాడు. చెప్పకపోతే చెయ్యి పోతుంది. చెబితే ఒట్టు పోతుంది, వాడి ఆఖరి ఆటా పోతుంది. పద్దెనిమిదేళ్ళు నేను కళ్ళు మూసుకోవడమే వాడికి కాపలా అనుకున్నాను. ఈసారి నోరు మూసుకుంటే అది కాపలా ఎలా అవుతుంది?

దేవుణ్ణి క్షమించమని అడిగాను. ఇంతియాజ్‌కి చెప్పేశాను.

అతను నీళ్ళ సీసాకి మూత పెట్టాడు. తర్వాత లోపలికి వెళ్ళి శీనుని పిలుచుకొచ్చాడు. మావాడు నా మొహం చూడగానే గ్రహించాడు.

"ఒట్టు తీసి గట్టున పెట్టావన్నమాట."

"పెట్టాను" అన్నాను.

"అన్నా, ఆమెననకు" అన్నాడు ఇంతియాజ్. "చెప్పాల్సింది నువ్వు. ఇప్పుడు నేను కెప్టెన్ లెక్క చెప్తున్న. కూర్చో, లేదంటే రైట్ కార్నర్‌కి పో. అటైతే నీ ఎడమచెయ్యి పట్టుకుంటరు, కుడిచెయ్యి ఎవ్వరు ముట్టరు."

"పద్దెనిమిదేళ్ళు లెఫ్ట్‌లో నిలబడ్డవాణ్ణి. రైట్‌లో నాకు ఏమీ తెలీదు. అన్నీ తిరగబడి కనిపిస్తాయి."

"నాకు కూడా తెల్వదు. నీ పక్కకి నేనే వస్తున్న."

శీను గోడకి ఆనుకుని నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. చివరికి నాతో అన్నాడు, "రైట్‌లో నిలబడతాను. కానీ నువ్వు ఇక్కడ కాదు, లోపల కూర్చోవాలి. మాట ఎలాగూ తప్పావు కదా, చూడనన్న పంతం కూడా వదిలెయ్యి."

వెళ్ళాను. నస్రీన్ పక్కన, ముందు వరసలో. జపమాల సంచిలో వేసేశాను. అది చేతిలో ఉంటే కళ్ళు మూసుకుంటానని భయం.

మొదటి పది నిమిషాలు చూడలేకపోయాను, చూడకుండా ఉండలేకపోయాను. వాడు కుడిమూల నిలబడి ఉన్నాడు, ఎడమచెయ్యి ఇంతియాజ్ చేతిలో. ఎప్పుడూ నిలబడని వైపు కావడంతో ఒక్కోసారి అడుగు తప్పుగా పడుతోంది. కెల్లీవిల్ రైడర్ ఒకడు, పొడుగ్గా సన్నగా ఉన్నాడు, అది రెండు రైడ్లలోనే కనిపెట్టాడు. ఇంక ప్రతిసారీ మావాడి వైపే వచ్చాడు. ఒకసారి తాకి పోయాడు. ఇంకోసారి శీను, ఇంతియాజ్ కలిసి దూకి పడేశారు, హాలు అదిరింది. నేను శీను కుడిభుజాన్నే చూస్తున్నాను. లేచాడు. విదిలించాడు. బాగానే ఉంది.

"శీనన్నా, శీనన్నా" అని వెనక అరుపులు. నా పక్కన నస్రీన్ నా మణికట్టు పట్టుకుంది.

చివరికి ఒక్క రైడ్ మిగిలింది. మావాళ్ళు ఒక్క పాయింటు వెనక. మ్యాట్ మీద ముగ్గురే ఉన్నారు, శీను, ఇంతియాజ్, ఇంకొకతను. ముగ్గురే ఉన్నప్పుడు రైడర్‌ని పట్టేస్తే రెండు పాయింట్లట. పడితే గెలుపు, వదిలితే ఓటమి. అంతకంటే తెలుసుకోవాల్సింది ఏమీ లేదు.

ఆ పొడుగబ్బాయే వచ్చాడు. అటూ ఇటూ తిరిగాడు, సమయం గడపడానికి. ఆఖర్న శీను వైపు కాలు చాచాడు, ఊరించడానికి. శీను ఇంతియాజ్ చెయ్యి వదిలేసి వంగాడు. ఎడమచెయ్యి చీలమండ మీద పడింది. పట్టు దొరికింది. హాలంతా లేచింది, నేను లేవలేదు. ఇంక కుడిచెయ్యి వచ్చి దాన్ని బిగించాలి. వచ్చింది. మోకాలి దాకా వచ్చింది. అక్కడ ఆగి, వెనక్కి వెళ్ళింది. రైడర్ కాలు విదిల్చుకుని, ఇంతియాజ్ దూకేలోపు గీత దాటేశాడు.

"పట్టు జారిపోయింది, అయ్యో" అంది నస్రీన్.

శీను మోకాళ్ళ మీద లేచి, మ్యాట్ తాకి కళ్ళకద్దుకున్నాడు. కెల్లీవిల్ అబ్బాయి వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆపి భుజం తట్టాడు. తర్వాత ఎవరూ పిలవకుండా, ఎవరూ తియ్యకుండా, నడిచి బయటికి వచ్చాడు. నన్ను దాటి వెళ్ళాడు గానీ నా వైపు చూడలేదు.

ఆదివారమంతా నాతో అవసరానికే మాట్లాడాడు. ఇంతియాజ్ ఊరు చూపిస్తానంటే వెళ్ళాడు, నేను ఇంట్లోనే ఉండిపోయాను. పాయసం మిగిలిపోయింది. సోమవారం తెల్లవారుతుండగా నస్రీన్ స్టేషన్‌లో దింపి, దారికి చపాతీలు చుట్టి ఇచ్చింది. కొత్త కుక్కర్ అలాగే దాచి ఉంచుతానంది, నేను మళ్ళీ వచ్చేదాకా.

తిరుగు రైలు సదరన్ క్రాస్‌లో ఉదయం ఎనిమిది దాటాక బయల్దేరుతుంది. శీను రెండు వారాలు మా ఇంట్లో ఉండి అడిలైడ్ నుంచే విమానం ఎక్కాలని అనుకున్నాం, అందుకని పక్కనే ఉన్నాడు. అరారట్ దాకా కళ్ళు మూసుకునే ఉన్నాడు, నిద్ర కాదని నాకు తెలుసు. హార్షమ్‌లో రైలు ఆగినప్పుడు నస్రీన్ చపాతీలు విప్పి ఇచ్చాను. సగం తిన్నాక నేనే అడిగాను.

"పట్టు జారిందా?"

నములుతూ బయటికి చూశాడు. గొర్రెలు ఒక వరసలో కంచె వెంట పోతున్నాయి.

"అందరూ జారిందనే అనుకున్నారు" అన్నాడు.

"నేను నీ చెయ్యే చూస్తున్నాను."

"తెలుసు. వంగినప్పుడు కనిపించావు." చేతిలో చపాతీ పొట్లంలో పెట్టాడు. "ఆ కాలు మీద కుడిచెయ్యి పడితే ఆ పిల్లాడు కదిలేవాడు కాదక్కా. పద్దెనిమిదేళ్ళలో అంత సుళువైన కాలు రాలేదు నాకు. ఎంత లాగితే భుజం జారుతుందో కూడా తెలుస్తోంది. నువ్వు ఆ కారిడార్‌లోనే ఉండుంటే పట్టేవాణ్ణి."

నేను చూడడం వల్ల వాడు ఓడిపోయాడు. నేను చూడడం వల్ల వాడి చెయ్యి మిగిలింది. రెండూ వాడు ఒక్క మాటలో చెప్పి, మళ్ళీ చపాతీ అందుకున్నాడు. అందుకున్నది కుడిచేత్తో.

"కోపమా?" అన్నాను.

"ఉంది. పోతుందిలే." పొట్లం నా వైపు జరిపాడు. "నువ్వూ తిను. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు."

సరిహద్దు దాటాక గడియారాలు అరగంట వెనక్కి తిప్పుకున్నాం. ముర్రే నది దగ్గరికి వచ్చేసరికి ఎండ వాలింది. వాడు నిజంగానే నిద్రపోయాడు, తల నా భుజం మీద పడింది, బరువుగా. కొండలు దిగి అడిలైడ్ వచ్చేదాకా నేను కదలకుండా కూర్చుని వాణ్ణి చూస్తూనే ఉన్నాను.